కంప్యూటర్ అంగీ

కిటికీ చువ్వలు ఈ చివర నుంచి ఆ చివరకు తుడిచేసరికే తడిగుడ్డ నల్లబడింది. సంపూర్ణ దాన్ని బకెట్లో జాడించి, పిండి, మళ్ళీ మొదటి చువ్వ దగ్గరికి వచ్చింది. ఇల్లందులో పొద్దున లేస్తే పళ్ళు తోముకోవడం ఎంతో ఇదీ అంతే. బొగ్గు ఊళ్ళో కాపురం చేసే ఆడదానికి మొగుడితో కంటే దుమ్ముతోనే ఎక్కువ పొద్దు గడుస్తుందని ఆమె అత్తగారు అంటుండేది. అత్తగారు పోయింది. మొగుడు షాలేమ్‌రాజూ పోయాడు. దుమ్ము మాత్రం ఒక్క రోజు నాగా పెట్టలేదు. ఊరి చివర కొత్త ఓపెన్‌కాస్ట్ గని మొదలైన దగ్గర్నుంచి అది మరీ ఇల్లరికపుటల్లుడిలా ఇంట్లోనే తిష్ఠ వేసింది.

అందుకే ఆ ఇంట్లో ప్రతి వస్తువుకూ ఒంటి మీద బట్ట ఉంది. మిక్సీకి కుచ్చుల గౌను, టీవీకి పరదా, ఫ్రిజ్ నెత్తిన జేబుల తువ్వాలు. అరవైకి దగ్గర పడుతున్న సంపూర్ణ వృత్తికి దర్జీ. సూది చేతిలో ఉన్న మనిషి ఇంట్లో మిక్సీ బట్టల్లేకుండా ఎట్లా ఉంటుంది?

అన్నింటిలోకీ దర్జా కంప్యూటర్‌ది. దాని సీపీయూ పెట్టెకు ముదురు నీలం కాటన్ అంగీ ఉంది. లోపల దళసరి దూది లైనింగు, అంచులకు తెల్ల లేసు, వైర్లు పోవడానికి వెనక చీలిక. ముందు వైపు స్విచ్ ఉన్న చోట ఒక కాజా. చొక్కా బొత్తానికి కుట్టినట్టే చుట్టూ దారం బిగించి చేత్తో కుట్టిన కాజా అది. వేలు పట్టాలి, దుమ్ము పట్టకూడదు. ఇదివరకు దీనికి పల్చటి ముసుగొకటి ఉండేది, పని చేసేటప్పుడు తీసి పక్కన పెట్టేది. కొత్త గని దుమ్ము చూశాక, అసలు తీయాల్సిన పనే లేని అంగీ కావాలని ఎండలు ముదరకముందే కూర్చుని కుట్టింది. వీధిలో ఆడవాళ్ళంతా వచ్చి చూసి మెచ్చుకుని పోయారు.

చువ్వలు తుడవడం అయ్యాక సంపూర్ణ గడప దగ్గర చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని ముందు గదిలోకి వచ్చింది. పొట్టి మనిషి, బొద్దు చేతులు. ఎడమ చూపుడు వేలి కొస సూది పోట్లకు గట్టిపడి గవ్వలా ఉంటుంది. మెడలో కొలత టేపు పొద్దున వేస్తే మళ్ళీ పడుకునేటప్పుడే తీస్తుంది. ఓసారి దాంతోనే చర్చికి పోయి కూర్చుంటే, పాస్టరమ్మ వచ్చి చెవిలో చెప్పేదాకా తెలియలేదు.

కంప్యూటర్ ముందు కూర్చుని కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన మొదలుపెట్టి, కాజాలో వేలు పెట్టి స్విచ్ నొక్కింది. ప్రార్థన పూర్తయి, ఆమేన్ అన్నాక కూడా కాసేపటికి గానీ తెర వెలగలేదు. ఆమె గబగబా డిజైన్ల ఫోల్డరు తెరిచింది. త్రికోణాల వరుస, మధ్య మధ్య అద్దాలకు జాగా, పసుపు, ఎరుపు, ఆకుపచ్చ. అది తండా ముసలామె కమ్లి చేతి అంచు. దాన్ని కొత్త కొలతకు సాగదీయడం మొదలుపెట్టింది. సగం కూడా కాలేదు, పెట్టెలోంచి ఫ్యాను రొద హెచ్చింది, తెర నల్లబడింది.

"ప్రభువా, ఇయ్యాలన్న ఆపొద్దంటినే," అంది సంపూర్ణ దేవుడితో, తగాదా పెట్టుకుంటున్నట్టు.

ఎండాకాలం నుంచీ ఇదే వరస. నడిచినంతసేపు నడిచి, చెప్పాపెట్టకుండా ఆగిపోతుంది. ఆమె దాన్ని రెండుసార్లు ఆటోలో ఒళ్ళో పెట్టుకుని, దారి దుమ్ముకు అంగీ మురికవుతుందని అది ఇంట్లోనే విప్పి, పైన పాత చీర కప్పి, బస్టాండు పక్కన కోటేష్ రిపేరు షాపుకు తీసుకుపోయింది. పురిటికి కూతుర్ని దవాఖానాకు తీసుకుపోయినంత జాగ్రత్తగా పోయింది. అక్కడ అది పొద్దున్నుంచి రాత్రి దాకా నిక్షేపంగా నడిచింది. ఇంటికి తేగానే మళ్ళీ మూలుగు.

"మా దగ్గర మంచిగనే నడిచె గదమ్మా," అన్నాడు కోటేష్ తల గోక్కుంటూ. "మీ ఇంట్ల కరెంటు చూపియ్యుండ్రి." కరెంటు చూపిస్తే కరెంటు బంగారంలా ఉంది. ఇంక కోటేష్ కూడా చేతులెత్తేశాడు. "పాతదైందమ్మా. కొత్త డిస్కు, ర్యామ్ ఏస్తే లేస్తదేమో. బోర్డే పోయేటట్టుంటే మాత్రం అది గూడ దండగనే. నేను గ్యారంటీ ఇయ్యలేను."

పక్కింటి రుక్మిణి దీనికి వేరే కారణం చెప్పింది. "పుట్టింట్ల కులుకుడు, అత్తింట్ల మూలుగుడు. నీ కంప్యూటర్ అచ్చం మా చిన్న కోడలే సంపూర్ణా!"

సంపూర్ణ నవ్వింది గానీ, నవ్వేంత తేలిక సంగతి కాదు. ఆమె అన్నం, ఆమె పేరు ఆ పెట్టెలో ఉన్నాయి. అందులో బొమ్మ తయారైతేనే పక్కనున్న ఎంబ్రాయిడరీ మిషను కుడుతుంది. ఆ డిజైన్ల సాఫ్ట్‌వేర్ చేసిన కంపెనీ ఎప్పుడో మూతబడింది. కొత్త యంత్రం కొంటే అందులోకి అది ఎక్కదు, ఇన్నేళ్ళ డిజైన్లు తెరుచుకోవు. పాతదానికి కొత్త ప్రాణం పోయించాలా, కొత్తదే తెచ్చుకోవాలా అని ఊరంతా అడుగుతోంది. ఊరికేం, అడుగుతుంది. కొత్తది తెచ్చుకోవడమంటే సంపూర్ణకు పని మానుకోవడమే.

ఫోను మోగింది. ఖమ్మం నుంచి అల్లుడు జస్టిన్, కూతురు అక్సా భర్త.

"అత్తమ్మా, ఏమనుకున్నరు? లాప్‌టాప్ చూసి పెట్టిన. మీరు ఊ అంటే సాయంత్రం పట్టుకొని వస్త."

"నా డిజైన్లు దాంట్లకు రావంట గద బాబూ."

"రావత్తమ్మా. అయినా ఇంకెందుకీ కుట్లు? అక్సా గూడ అదే అంటుంది. ఖమ్మం వచ్చేయుండ్రి. లాప్‌టాప్‌ల పాటలు వినుకుంట హాయిగ కూసోండి."

మధ్యాహ్నం లోపల చెప్తానని పెట్టేసింది. అల్లుడు మంచివాడు. మంచివాళ్ళతోనే చిక్కు, కాదనడానికి నోరు రాదు. లాప్‌టాప్ మీద ఆమెకు కోపమేం లేదు. కోపమంతా 'కూసోండి' అన్న మాట మీద.

ఆమె వైరా నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చిన నాటి నుంచి కూర్చున్నదంతా మిషను ముందే. లంగాలు, చీరల ఫాల్స్, బడిపిల్లల యూనిఫారాలు. ఈ కంప్యూటర్ ఆమె కోసం కొన్నది కూడా కాదు. కూతురు అక్సా డిగ్రీ చదువు కోసం షాలేమ్‌రాజు కొన్నాడు. అక్సా చదివింది, ఉద్యోగం తెచ్చుకుంది, పెళ్ళి చేసుకుని వెళ్ళింది. కంప్యూటర్ మూలన మిగిలింది. సంపూర్ణ దాన్ని దుమ్ము తుడవడానికి తప్ప ముట్టేది కాదు. ఒకనాడు తుడుస్తుంటే ఏ మీట తగిలిందో తెర వెలిగి ఏదో అడిగింది. ఈమె భయపడి చేతులు జోడించి, "తప్పయింది" అంది.

అప్పుడు షాలేమ్‌రాజు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. గనిలో ల్యాంపు రూమ్‌లో పనిచేసే మనిషి, దిగే వాళ్ళకు దీపాలిచ్చి ఎక్కొచ్చిన వాళ్ళ దగ్గర తీసుకునేవాడు. ఇంట్లో మాట తక్కువ. "నేర్చుకో," అన్నాడు. "ఖరాబైతే నేనే ఖరాబ్ చేసిన్నని అక్సాకు చెప్త." పెళ్ళయిన ఇన్నేళ్ళలో అంతకంటే ప్రేమగా ఆయన మాట్లాడినట్టు ఆమెకు గుర్తు లేదు. ఆ మాట పట్టుకుని నలభై దాటాక మౌసు పట్టడం నేర్చుకుంది. ఆ తర్వాత సెకండ్‌హ్యాండ్ ఎంబ్రాయిడరీ మిషను వచ్చింది. ఇల్లందులో పెళ్ళి జాకెట్టు అంటే సంపూర్ణమ్మ దగ్గరికి పోవాలన్న మాట పుట్టింది.

మధ్యాహ్నం దాకా ఆమె ఓపిక పట్టింది. నొక్కింది, ఆగింది. చల్లారనిచ్చి మళ్ళీ నొక్కింది. ప్రతిసారీ ముందుకంటే త్వరగా కళ్ళు మూసింది. ఆఖరిసారి అంచు మొదటి త్రికోణం కూడా కదలలేదు. సంపూర్ణ కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. అద్దాల్లో తడేం లేదు, కళ్ళల్లో ఉంది.

జస్టిన్‌కు ఫోను చేసి, "పట్టుకొని రా బాబూ," అంది. అంతే అంది.

తర్వాత ఏం చేయాలో తోచలేదు. చేతులు ఖాళీగా ఉంటే ఆమెకు పిచ్చెక్కుతుంది. లేచి, కంప్యూటర్ ఒంటి మీది అంగీని లేసు చిరగకుండా మెల్లగా విప్పింది. ఎవరింటికి పోతుందో, తుక్కులో పోతుందో, అంగీ మాత్రం మంచి బట్ట. సబ్బు పెట్టి ఉతికి దండెం మీద ఆరేసింది. లోపలికి వచ్చి చూస్తే పెట్టె బోసిగా ఉంది. ఒకప్పటి తెలుపు పచ్చబడింది. పక్కన అక్సా కాలేజీ రోజుల్లో అంటించిన సీతాకోకచిలుక స్టిక్కరు సగం ఊడి ఉంది. దాన్ని వేలితో అదిమి మళ్ళీ అంటించబోయింది, అంటలేదు.

అప్పుడే గుమ్మంలో గాజుల చప్పుడైంది. ముంజేతుల నిండా తెల్ల గాజులు, అద్దాల రవిక, బరువైన పేట్యా లంగా, చెమటతో తడిసిన ముఖం. కమ్లి. వెనక మనవరాలు సోని, డిగ్రీ అయిపోయిన పిల్ల, చేతిలో ఓణీ గుడ్డల సంచి.

"అయినయా బిడ్డా?" అంది కమ్లి నేల మీద కూర్చుంటూ.

రేపు తండాలో తీజ్ ఆఖరి రోజు. పెళ్ళికాని పిల్లలు బుట్టల్లో గోధుమలు మొలకెత్తించి, తొమ్మిది రోజులు నీళ్ళు పోసి, చివరి రోజు నెత్తిన పెట్టుకుని ఆటపాటలతో తీసుకుపోయి నీళ్ళలో కలుపుతారు. కమ్లి ఇంటి పిల్లలు ఆరుగురు ఈసారి తీజ్ పట్టారు. ఇంటి పిల్ల తన చేతి అంచు ఉన్న ఓణీ కప్పుకునే బుట్ట ఎత్తాలని కమ్లి పట్టు. కూతుళ్ళకు అట్లాగే చేసింది, పెద్ద మనవరాళ్ళకూ చేసింది. ఇప్పుడు చూపు తగ్గింది, సూదిలో దారం ఎక్కదు. ఆ కుట్టు బతికి ఉన్నది సంపూర్ణ కంప్యూటర్‌లోనే. ఒక చలికాలమంతా ఈ గదిలోనే కమ్లి చేత్తో కుట్టి చూపిస్తుంటే, సంపూర్ణ పక్కన కూర్చుని తెర మీద చుక్క చుక్కగా దించింది. అప్పటి నుంచే ఆమెను తండా పిల్లల్లాగే యాడీ అంటుంది. అంటే అమ్మ అని.

"కాలేదు యాడీ," అంది సంపూర్ణ. "పొద్దటి సంది కొట్లాడుతున్న. ఆగిపోతుంది. ఇగ దాని పని అయిపోయింది."

కమ్లి కోప్పడి ఉంటే బాగుండేది. కోప్పడలేదు. తన వేళ్ళు చూసుకుని, "నా చేతులల్లకెల్లి పోయింది, నీ డబ్బాల ఉంటదనుకున్న," అంది. తర్వాత, "ఒక్కసారి చూపియ్యి బిడ్డా. చూసి పోత," అంది.

సంపూర్ణ వేలు అలవాటుగా కాజా కోసం వెతికింది. అంగీ లేదు. బోసి స్విచ్ నొక్కింది. ఈసారి ప్రార్థన కూడా చేయలేదు, అడిగి అడిగి ఆమెకే సిగ్గయింది. తెర వెలిగింది. అంచు తెరిచింది. కమ్లి మోకాళ్ళ మీద లేచి, ముక్కు తెరకు తగిలేంత దగ్గరగా ముఖం పెట్టింది. ఆ పసుపు వెలుగు ఆమె ముడతల మీద పడింది.

"ఇగో, ఈడ నేను తప్పు కుట్టిన. నువ్వు గూడ గట్లనే దించినవా?"

"నువ్వెట్ల కుడితే గట్లనే యాడీ."

ముసలామె పకపకా నవ్వింది. సోని నవ్వింది. బయట వాన మొదలైంది. చాయ్ పెడతానని సంపూర్ణ వంటింట్లోకి పోయింది. పాలు పొంగి, చాయ్ మరిగి, గ్లాసుల్లో పోసుకుని వచ్చేసరికి తెర ఇంకా వెలుగుతూనే ఉంది. కమ్లి ఇంకా తన తప్పు కుట్టును వేలితో వెతుకుతూనే ఉంది.

సంపూర్ణ పళ్ళెంతో అట్లాగే నిలబడిపోయింది. చాయ్ ఇచ్చింది, తాను తాగింది, గ్లాసులు కడిగి వచ్చింది. వెలుగుతూనే ఉంది. ఆమె పెట్టె వెనక్కి వంగి అరచెయ్యి పెట్టింది. వేడిగాలి చేతికి తగిలి బయటికి పోతోంది. తలెత్తి తలుపులోంచి దండెం వైపు చూసింది. నీలం అంగీ వానకు తడుస్తోంది. దళసరి దూది లైనింగుతో, ఈ మూల నుంచి ఆ మూలకు గాలి చొరకుండా తన చేత్తో తాను కుట్టిన అంగీ. కోటేష్ షాపులో దాని ఒంటి మీద లేని అంగీ.

"యాడీ," అంది. "తప్పు నాదే. దుమ్ము పడుతదని అంగీ తొడిగి దాని ఊపిరి నేనే ఆపిన!"

"అంగీనా? గింత ఉక్కల? మా పిలగాండ్లే తొడుక్కోరు గద బిడ్డా!"

సంపూర్ణ నవ్వడం మొదలుపెట్టింది. కడుపు పట్టుకుని, నేల మీద కూలబడి, కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వింది. కోటేష్ చూడలేదు, అల్లుడు చూడలేదు, మెచ్చుకుపోయిన వీధి వీధంతా చూడలేదు. చూడాల్సిన తానే ముద్దు చేసి చంపబోయింది. సిగ్గూ వేసింది, కానీ ఆ సిగ్గుకంటే సంతోషం ఎక్కువై లేచి నిలబడింది.

"సోనీ, సంచి ఇటియ్యమ్మా. ఎంబ్రాయిడరీ మిషన్‌కు పసుపు దారం ఎక్కించు."

ఇంక ఆమెను ఆపడం ఎవరి తరమూ కాదు. అంచు కొత్త కొలతకు సాగింది, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కింది, మిషన్‌లోకి దిగింది. సూది టకటకమని పరుగెత్తింది. మిషను కుడుతుంటే పక్కనే ఫోను అందుకుని, "కోటేషూ, నువ్వన్న డిస్కు, ర్యామ్ పట్టుకొని రా. బోర్డు పోలేదు. ఎట్లంటవా? వచ్చినంక నవ్వుదువు," అంది. పసుపు అయ్యాక ఎరుపు, ఎరుపు అయ్యాక ఆకుపచ్చ. ఒక్కో అంచూ పూర్తవుతుంటే కమ్లి దాన్ని ఒళ్ళోకి తీసుకుని కళ్ళతో కాక వేళ్ళతో చూసింది. తప్పు కుట్టు ఉన్న చోట వేలు ఆగిన ప్రతిసారీ నవ్వుకుంది.

పొద్దు గుంకే వేళకు జస్టిన్ తడుస్తూ వచ్చాడు, అట్టపెట్టె కవరులో చుట్టి చంకలో పెట్టుకుని. ముందు గదిలో ఆరు ఓణీలు కొత్త అంచులతో తాడు మీద వరసగా వేలాడుతున్నాయి. నేల మీద బోసి పెట్టెను కోటేష్ పక్క మూత విప్పి కూర్చున్నాడు. అందులోంచి ఫ్యానుకు చుట్టుకున్న దారపు నూగును వేళ్ళతో లాగుతున్నాడు. బొగ్గు పొడితో కలిసి కంబళి ముక్కలా అట్టకట్టిన నూగు. ఎరుపు, నీలం, జరీ, ఏ రంగంటే ఆ రంగు.

"ఇల్లందుల ఆడోళ్ల జాకెట్లన్ని దీంట్లనే ఉన్నయి గదమ్మా!" అన్నాడు కోటేష్.

జస్టిన్ గుమ్మంలోనే నిలబడిపోయాడు. సంపూర్ణ ఎదురుపోయి అతని చేతికి తువ్వాలు ఇచ్చింది.

"బాబూ, అది వాపస్ తీసుకుంటరా? లేకుంటే అక్సాకియ్యి. నాకొద్దు. నేను కూసోను."

అతను అంచుల వైపు చూశాడు, అత్తగారి ముఖం వైపు చూశాడు. వైరా నుంచి వచ్చిన నాటి కొత్తకోడలు కూడా అట్లా వెలిగి ఉండదు. "అక్సాకే ఇస్త లెండి అత్తమ్మా," అని తల తుడుచుకున్నాడు. ఖమ్మం మాట మళ్ళీ ఎత్తలేదు, ఆ రోజే కాదు, ఎప్పుడూ.

కోటేష్ కొత్త డిస్కు బిగించి, పాత సరుకంతా దాంట్లోకి ఎక్కించి, మూత పెట్టాడు. "ఒత్తుండ్రి" అన్నాడు. సంపూర్ణ చేతులు తుడుచుకుని కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టి స్విచ్ నొక్కింది. సగంలో ఉండగానే తెర భళ్ళున వెలిగింది.

"గింత జల్దీనా?" అంది ఆమె నొచ్చుకున్నట్టు. దేవుడితో మిగతా సగం మాట్లాడి ఆమేన్ అన్నాకే మౌసు ముట్టుకుంది.

మర్నాడు తీజ్ బుట్టలు ఎత్తిన ఆరుగురు పిల్లల నుదుటి మీద కమ్లి అంచు మెరిసింది. తండా అంతా ఎవరు కుట్టారని అడిగితే కమ్లి, "నేనే," అంది. అది అబద్ధం కాదు.

ఇంకెన్నాళ్ళు వస్తుంది ఈ కంప్యూటర్ అని ఆ తర్వాత కూడా జనం అడుగుతూనే ఉన్నారు. "నాకంటే ఎక్కువే వస్తదిలే," అనేది సంపూర్ణ. ఆ మాటే నిజమైంది. కొన్ని వానాకాలాలు గడిచాక ఒక మధ్యాహ్నం, పెళ్ళి జాకెట్టు చేతుల మీద నెమళ్ళు కుడుతుండగా, ఆమె కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. మిషను చివరి ఈక దాకా కుట్టి, దారం తెంపి, అయిపోయిందని కూత పెట్టి ఆగింది. అప్పటికే రోజూ వచ్చి పని చేస్తున్న సోని వంటింట్లోంచి చాయ్ తెచ్చేసరికి తెర వెలుగుతోంది, ఆమె మెడలో టేపు అట్లాగే ఉంది. ముఖం చూస్తే పని పూర్తిచేసుకుని కునుకు తీసినట్టే ఉంది.

ఇప్పుడు సోని ఆ గదిలో కుడుతోంది. అన్నీ నువ్వే ఉంచుకో అని అక్సా చెప్పింది. పొద్దున్నే చువ్వలు తుడుస్తుంది, గడప దగ్గర చెప్పులు విడుస్తుంది, బోసి పెట్టె స్విచ్ నొక్కుతుంది. కిటికీ పక్క మేకుకు, సంపూర్ణ ఉతికి ఇస్త్రీ చేసి తగిలించిన నీలం అంగీ ఉంది. రంగు కాస్త వెలిసింది, లేసు మీద సన్నగా బొగ్గు పొడి పడింది, కానీ వేలు పట్టేంతటి ఆ కాజా చుట్టూ ఒక్క పోగు కూడా ఊడలేదు.